చింగోలా డాక్టరుగారు

ఈ నలుపు తెలుపు ఫొటోలో బంతి పట్టుకున్నాయన ఐర్లాండ్ రగ్బీ ఆటగాడు జాక్ కైల్. ఇందాక కనబడింది, ఇంక పక్కన పెట్టబుద్ధి కావట్లేదు.

1948లో బెల్‌ఫాస్ట్‌లో వేల్స్‌ని 6-3తో ఓడించి ఐర్లాండ్ గ్రాండ్ స్లామ్ గెలిచింది, అంటే ఆ ఏడాది ఐదు దేశాల టోర్నీలో మిగతా జట్లన్నిటినీ ఓడించింది. ఆ జట్టుకి ఫ్లై-హాఫ్, అంటే ఆటని నడిపించే ఆటగాడు, ఈయనే. అప్పటికింకా మెడిసిన్ చదువుతున్నారు! దేశానికి మొత్తం 46 మ్యాచ్‌లాడారు.

ఆ పేరుతో హాయిగా బతికేయొచ్చు కదా. 1966లో జాంబియా వెళ్లి, చింగోలా అనే రాగి గనుల ఊళ్లో సర్జన్‌గా చేరారు. 2000 దాకా అక్కడే. ఆపరేషన్ బల్ల మీదున్న గని కార్మికుడికి గ్రాండ్ స్లామ్‌తో పనేముంది?

నాకైతే ఆటకంటే ఆ 34 ఏళ్లే పెద్దవి.

ఐర్లాండ్‌కి రెండో గ్రాండ్ స్లామ్ 2009లో, కార్డిఫ్‌లో వచ్చింది. చూడ్డానికి ఆయన వెళ్లారు, 83 ఏళ్ల వయసులో.