అమ్మతో తాడితోట, తర్వాత మాల్

మొన్న ఆదివారం అమ్మని తీసుకుని అమలాపురం నుంచి రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్లామండి, పిన్ని కూతురి పెళ్లికి చీరలు కొందామని. ముందు తాడితోట బట్టల మార్కెట్. కొట్టాయన పరుపు మీద కూర్చోబెట్టి ఇరవై చీరలు విప్పి పడేశాడు, 1,800 చెప్పినదాన్ని అమ్మ బేరమాడి 1,450కి దింపింది, అప్పుడు ఆవిడ మొహంలో వెలుగు చూడాలి! తర్వాత మాల్. అక్కడ బేరం లేదు, 999 అంటే 999ఏ, కానీ ఏసీ, శుభ్రమైన బాత్రూం, మోకాళ్ల నొప్పులున్న మనిషికి లిఫ్టు... కొన్నది ఒక్క దుప్పటే అయినా మూడు గంటలు హాయిగా తిరిగింది.

1994లో బాబిన్, డార్డెన్, గ్రిఫిన్ అనే పరిశోధకులు ఇదే చెప్పారు, షాపింగ్‌లో పని అయినందుకు వచ్చే విలువ వేరు, ఆ తిరగడంలో వచ్చే ఆనందం వేరు అని. 1980లో రిచర్డ్ ఆలివర్ అనే ఇంకో పరిశోధకుడు చెప్పింది నాకు ఇంకా నచ్చుతుంది, మనం ఏం ఆశించి వెళ్లామో, తీరా ఏం దొరికిందో, ఆ రెంటి తేడాని బట్టి తృప్తి అని. నిజమే కదా, బిల్లు దగ్గర సంచికి 15 రూపాయలు వేరేగా అడిగేసరికి అమ్మ మనసు చివుక్కుమంది. "సంచి కూడా ఊరికే ఇవ్వరేంటమ్మా" అంది బిల్లు వేసే పిల్లతో. రావులపాలెం దాటేదాకా అదే మాట.