ఇందులో నావేం లేవమ్మా, అన్నీ నీవే

"ఇందులో నావేం లేవమ్మా, అన్నీ నీవే" అంది మా అమ్మాయి, నేను సర్దిన బ్యాగును వీపు మీంచి దింపేసి. నిజానికి అందులో ఉన్నవన్నీ తన కోసం పెట్టినవే. తనకి పదకొండేళ్లు. మొదటిసారి ముగ్గురం సామాను మోసుకుంటూ నడిచి వెళ్లి, ఒక రాత్రి టెంటులో గడుపుదామనుకున్నాం. ఈ బ్యాగు మోయనని తెగేసి చెప్పింది. నాకు కోపం వచ్చింది.

తను నిద్రపోయాక బ్యాగును తూచాను. ఏడు కిలోలుంది. పిల్లల వీపు మీద బరువు వాళ్ల ఒంటి బరువులో 10 నుంచి 15 శాతం దాటనివ్వొద్దంటారు. తను 32 కిలోలు, అంటే ఎక్కువలో ఎక్కువ 4.8. విప్పి చూస్తే రెండు స్వెటర్లు, స్లీపింగ్ బ్యాగు ఉండగానే ఒక మందపాటి దుప్పటి, నాలుగు జతల సాక్సులు. మూడు సీసాల నీళ్లే మూడు కిలోలు. చలంటే నాకు చిన్నప్పటినుంచీ భయం. ఈ దేశానికొచ్చి ఇన్నేళ్లయినా పోలేదు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లకి ఆ భయం ఎందుకుండాలి?

సామాను తననే ఎంచుకోమన్నాను. వెళ్లే ముందు పెరట్లో ఒక రాత్రి పడుకుని చూద్దామంది. కొత్త సామాను కొన్నవాళ్లెవరైనా ముందు చేయాల్సిన పని ఇదే. ఇంట్లోకి పది అడుగుల దూరంలో తప్పు బయటపడితే నష్టమేమీ లేదు.

తప్పు నాదే బయటపడింది. స్లీపింగ్ బ్యాగు మీద పెద్ద అక్షరాల్లో ఉన్న 0 డిగ్రీలు చూసి కొన్నాను. అది లిమిట్, అంటే ఎలాగోలా తట్టుకోగలిగే చలికి హద్దు. పక్కనే చిన్నగా కంఫర్ట్ 5 అని ఉంది. హాయిగా నిద్ర పట్టాలంటే చూడాల్సింది ఆ అంకె. పైగా ఆ లెక్కలు పెద్దవాళ్ల ఒంటికి కట్టినవి, పిల్లలకి కావు. అర్ధరాత్రి నా వీపు గడ్డకట్టినట్టయింది. మన బరువుకి బ్యాగు అడుగున దూది అణిగిపోతుంది, గాలి నిలవదు, వెచ్చదనం ఉండదు. నేలకీ మనకీ మధ్య అడ్డుండాల్సింది పరుపు. దాని ఆర్-వాల్యూ, అంటే చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె, ఎంత ఎక్కువైతే అంత మంచిది, రెండు పరుపులు ఒకదాని మీద ఒకటి వేస్తే ఆ అంకెలు కూడుకుంటాయి. "చలి కింద నుంచి వస్తుందమ్మా" అని తను ముందే చెప్పింది. నేను దుప్పట్ల మీదే దృష్టి పెట్టి పరుపు పలచనిది తీసుకున్నాను. తను ఫోమ్ పరుపు మీద గాలి పరుపు వేసుకుని హాయిగా నిద్రపోయింది.

చలిగాలి రాకూడదని టెంటు కిటికీలన్నీ మూసింది కూడా నేనే. తెల్లారేసరికి మా ఊపిరి తేమే లోపలి గోడల మీద నీళ్లయి కారుతోంది.

ఒక్క విషయంలో మాత్రం తగ్గలేదు, తగ్గను. టెంటులో స్టవ్ వెలిగించకూడదు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు, కంటికి కనిపించదు. ఎందుకని తను అడిగితే మొత్తం చెప్పాను, వింది.

అన్నీ అలా చెప్పగలిగితే బాగుండు. నీ పని నువ్వే చేసుకోవాలని రోజూ చెప్తాను, తన జాకెట్ జిప్పు మాత్రం నేనే పైకి లాగుతాను. ఇంట్లో తెలుగే మాట్లాడాలని పట్టుబడతాను, నాకు కోపమొస్తే ఇంగ్లీషులోనే అరుస్తాను. తనకి జాగ్రత్త నేర్పాలి, నా భయం అంటించకూడదు. ఏది జాగ్రత్త, ఏది భయం అన్నది నాకే తేలట్లేదు. మా అమ్మకైనా తెలిసేదా అనిపిస్తుంది.

రేపు బయల్దేరుతున్నాం. తన బ్యాగు తనే సర్దుకుంది, నాలుగున్నర కిలోలు. "అమ్మా, నీది తూచావా?" అని తెలుగులోనే అడిగింది. తను తీసి పక్కన పెట్టిన రెండో స్వెటర్ నా బ్యాగు అడుగున ఉంది. చెప్పాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.