చిత్తూరు కోర్టులో పాత మద్రాసు తీర్పు పెట్టాలంటే

చిత్తూరు, తిరుపతి కోర్టుల్లో భాగపంపకాల దావా గానీ, ఇనాం భూమి తగాదా గానీ కాస్త లోతుకు పోతే పాత మద్రాసు హైకోర్టు తీర్పులు తగులుతాయి. 1953 దాకా మనం మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం మరి. "ఆ తీర్పు మనకెందుకు?" అని ఎదుటి వకీలు లేచి అడిగితే జూనియర్లు తడబడతారు. జవాబు సుబ్బరాయుడు కేసులో ఉంది: ఏఐఆర్ 1955 ఆంధ్ర 87, ఫుల్ బెంచ్ (ఏఐఆర్ అంటే ఆలిండియా రిపోర్టర్ అనే తీర్పుల సంపుటాలు; ఫుల్ బెంచ్ అంటే ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువ మంది జడ్జీల ధర్మాసనం). గుంటూరులో మన హైకోర్టు మొదలైన 1954 జూలై 5కు ముందు మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పులకు మనం కట్టుబడాలని అందులో తేల్చారు.

ఇక్కడ ఎక్కువమంది పొరపడేది ఏడాది దగ్గర. సైటేషన్‌లో, అంటే తీర్పు ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందో చెప్పే గుర్తులో, కనిపించేది తీర్పు అచ్చయిన ఏడాది. 1954 మొదట్లో చెప్పిన తీర్పు 1955 సంపుటంలో రావచ్చు. కాబట్టి పేజీ తెరిచి తీర్పు తేదీనే చూడాలి. 2019 జనవరి 1 తర్వాత తెలంగాణ హైకోర్టు ఇచ్చిన తీర్పులకూ ఇదే జాగ్రత్త. అవి జడ్జిని ఒప్పించడానికి పనికొస్తాయి, కట్టుబాటు మాత్రం లేదు.

ఇక సైటేషన్ ఎలా చదవాలో చూద్దాం. సుప్రీంకోర్టు ఇచ్చిన కేశవానంద భారతి తీర్పునే తీసుకోండి. ఏఐఆర్ 1973 ఎస్‌సీ 1461, (1973) 4 ఎస్‌సీసీ 225: రెండూ ఒకే తీర్పు. ఏఐఆర్‌లో ఏడాదే సంపుటాన్ని గుర్తిస్తుంది, అందుకే బ్రాకెట్ లేదు. ఎస్‌సీసీలో (సుప్రీంకోర్టు కేసెస్) ఒక్కో ఏడాదికి అనేక సంపుటాలు, అందుకని ఏడాది బ్రాకెట్లో, సంపుటం నంబరు బయట. చివరి అంకె తీర్పు మొదలయ్యే పేజీ.

పాత తీర్పుల్లో పేరా నంబర్లు చాలాసార్లు ప్రచురణకర్తలు వేసినవే. ఎస్‌సీసీలో 30వ పేరా ఏఐఆర్‌లో 27వది కావచ్చు. ఏ పుస్తకం సైటేషన్ రాస్తే ఆ పుస్తకం పేరానే రాయాలి. రెండూ కలిపితే జడ్జిగారు తెరిచిన చోట మీరు చెప్పిన వాక్యం ఉండదు, మీ మాట మీద నమ్మకం అక్కడే సడలిపోతుంది.

హెడ్‌నోట్ చదివి వాదించడం ఇంకా ప్రమాదం. అది సంపాదకుడు రాసిన సారాంశం, తీర్పులో భాగం కాదు. మెజారిటీ అభిప్రాయం ఏదో, భిన్నాభిప్రాయం ఏదో లోపల చూసి తీరాలి. కేశవానందలో 13 మంది జడ్జీలు, 7:6 తేడా. అలాంటి తీర్పులో ఓ పేరా ఎత్తి చూపితే అది ఎవరు రాసిందో కూడా చెప్పాలి.

సుప్రీంకోర్టు తీర్పులకు ఇప్పుడు ఐఎన్‌ఎస్‌సీ అనే తటస్థ సైటేషన్ ఉంది: ఏడాది, ఐఎన్‌ఎస్‌సీ, వరుస నంబరు. ఏ ప్రచురణకర్తతోనూ సంబంధం లేదు. 2023లో వచ్చిన ఈ-ఎస్‌సీఆర్‌లో, అంటే సుప్రీంకోర్టు సొంత ఆన్‌లైన్ తీర్పుల సంకలనంలో, తీర్పులు ఉచితంగా దొరుకుతాయి, లైబ్రరీలో సంపుటాలు లేని చిన్న ఊళ్ల వకీళ్లకు ఇది నిజంగా మేలు.

చివరగా, ఆ తీర్పు ఇంకా నిలిచి ఉందో లేదో చూడండి. తర్వాతి పెద్ద ధర్మాసనం కొట్టేసిందా, చట్టమే మారిందా, అప్పీలులో తిరగబడిందా? చూసుకున్నాక తీర్పు పూర్తి ప్రతి రెండు తీయించండి, ఒకటి కోర్టుకు, ఒకటి ఎదుటి వకీలుకు. మీకు కావలసిన పేరా పక్కన పెన్సిల్‌తో గీత పెట్టండి.