వెంటిలేటర్ ఉంది, నడిపేదెవరు?

2022 డిసెంబరు 27న దేశమంతటా ఆసుపత్రుల్లో కోవిడ్ మాక్ డ్రిల్ జరిగింది. 2023 ఏప్రిల్ 10, 11 తేదీల్లో మళ్లీ జరిగింది. రెండుసార్లూ గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసే పీఎస్ఏ ప్లాంట్లు నడిపి చూశారు, వెంటిలేటర్లు ఆన్ చేశారు, పడకలనూ మందుల నిల్వలనూ లెక్కపెట్టి పోర్టల్‌లో ఎక్కించారు. వెంటిలేటర్ నిర్వహణలో శిక్షణ పొందిన వైద్యులు ఎందరన్న గడి కూడా ఆ పట్టికలో ఉంది. అయితే ఆ శిక్షణ ఎప్పటిది, ఆ తరువాత ఆ వైద్యుడు వెంటిలేటర్‌ను ఒక్కసారైనా ముట్టుకున్నాడా అన్నది ఒక అంకెతో తెలిసే సంగతి కాదు. హనుమకొండలో మత్తు డాక్టరుగా పనిచేస్తున్న నాకు, మరో మహమ్మారి వస్తే మన స్పెషలిస్టులు ఎంతవరకు సిద్ధంగా ఉన్నారన్న ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

ఉమ్మడి వరంగల్ జిల్లాలో ప్రాణం మీదికి వస్తే జనం వరంగల్‌లోని పెద్ద ప్రభుత్వాసుపత్రి ఎంజీఎం దారి పడతారు. ఖమ్మం, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి, గోదావరి అవతల ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర సరిహద్దు గ్రామాల నుంచి కూడా వస్తారు. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఈ ప్రాంతంలోని పెద్దాసుపత్రులన్నీ, ప్రభుత్వానివైనా ప్రైవేటువైనా, ఒకేసారి నిండిపోయాయి. ఐసీయూ వైద్యంలో ప్రత్యేక శిక్షణ ఉన్నవారు, ఊపిరితిత్తుల నిపుణులు, మత్తు వైద్యులు కలిసినా ఆ తాకిడికి సరిపోరు కనుక ఎముకలు, కళ్లు, చర్మ వ్యాధుల వైద్యులు కూడా కోవిడ్ వార్డుల్లో డ్యూటీలు చేశారు. వారి శ్రమను నేను దగ్గరగా చూశాను, దానికి వంక పెట్టడం నా ఉద్దేశం కాదు. నా అభ్యంతరం ఒక్కటే: వారు నేర్చుకోవలసిన నాలుగైదు పనులను రోగుల మధ్య నిలబడి, వరద వచ్చాక ఈత నేర్చుకున్నట్టు, నేర్చుకోవలసి వచ్చింది.

ఆ నాలుగైదు పనులు ఎలాంటివో చెప్పాలి. కోవిడ్‌తో ఊపిరితిత్తులు గట్టిపడిన రోగిని వెంటిలేటర్ మీద పెట్టినప్పుడు ఒక్కో శ్వాసకు ఎంత గాలి పంపాలన్నది మొదటి ప్రశ్న. కిలోకు సుమారు 6 మిల్లీలీటర్లన్నది 2000 సంవత్సరం నుంచి స్థిరపడిన పద్ధతి. కానీ ఆ కిలోలు తూకంలో కనిపించేవి కావు, రోగి ఎత్తును బట్టి కట్టవలసినవి. 165 సెంటీమీటర్ల ఎత్తున్న మగవాడు 85 కిలోల బరువున్నా లెక్కలోకి వచ్చేది 61 కిలోల చిల్లరే. అంటే శ్వాసకు దాదాపు 370 మిల్లీలీటర్లు చాలు. కేస్‌షీట్‌లోని బరువు చూసి లెక్క వేసినవారు 510 పెడతారు, దెబ్బతిన్న ఊపిరితిత్తిని ఆ అదనపు గాలి ఇంకా దెబ్బతీస్తుంది. ఇందుకు ఖరీదైన పరికరమేమీ అక్కరలేదు. మంచం మీద ఉన్న మనిషిని తల నుంచి మడమ దాకా కొలవడానికి ఒక టేపు ఉంటే సరిపోతుంది. ఐసీయూలో పనిచేసేవారికి ఇది రోజువారీ అలవాటు, పదిహేనేళ్లుగా మోకాలి చిప్పలు మారుస్తున్న వైద్యుడికి కాదు.

రోగిని బోర్లా పడుకోబెట్టడం కూడా అంతే. వెంటిలేటర్ అవసరం రాకముందే, మెలకువగా ఉన్న రోగి బోర్లా పడుకుంటే సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) మెరుగుపడుతుందని పుస్తకంలో ఒక్క వాక్యం ఉంటుంది. వార్డులో మాత్రం “బోర్ల పండుకుంటే గాలాడుత లేదు సారూ, నాతోని కాదు” అనే పెద్దాయన ఉంటాడు. పొట్ట కింద ఒత్తిడి పడకుండా ఛాతీ కిందా తుంటి కిందా దిండ్లు సర్దాలి, తల ఒక పక్కకు తిప్పి పెట్టాలి, ఆక్సిజన్ గొట్టం నలగకుండా చూడాలి, మొదటి పది నిమిషాలు పక్కనే నిలబడి ధైర్యం చెప్పాలి. ఆ పది నిమిషాలు నిలబడే ఓపిక ఉన్న డ్యూటీ డాక్టరు ఉన్న చోట రోగులు బోర్లా పడుకున్నారు. కేస్‌షీట్‌లో ఆదేశం రాసి వెళ్లిపోయిన చోట వెల్లకిలానే ఉండిపోయారు.

మూడోది సిలిండర్ లెక్క. పెద్ద సిలిండర్‌లో సుమారు 7,000 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి 5 లీటర్లు తీసుకునే రోగికి అది దాదాపు 23 గంటలు వస్తుంది. ముక్కు ద్వారా ఎక్కువ వేగంతో ఆక్సిజన్ పంపే హైఫ్లో యంత్రం మీద నిమిషానికి 60 లీటర్ల పూర్తి ఆక్సిజన్ వాడితే రెండు గంటలు కూడా రాదు. ద్రవ ఆక్సిజన్ ట్యాంకు లేని ఒక చిన్న ఆసుపత్రిలో రాత్రిపూట ఒకే రోగికి హైఫ్లో పెట్టి, మిగతా వార్డంతటికీ మానిఫోల్డ్‌లో (సిలిండర్లను కలిపి వార్డుకు ఆక్సిజన్ పంపే గొట్టాల అమరికలో) ఒత్తిడి పడిపోయే స్థితి తెచ్చుకోవడం నేను చూశాను. ఎంత ఆక్సిజన్ ఇవ్వాలన్న వైద్య నిర్ణయమూ, ఎంత మిగిలిందన్న స్టోరు లెక్కా ఒకే మనిషి తలలో ఉండాలి. మన పీజీ చదువులో ఈ రెండింటినీ కలిపి చెప్పేవారు అరుదు.

మందుల విషయం క్లుప్తంగా. ఆక్సిజన్ అవసరమైన వారికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 6 మిల్లీగ్రాములు, గరిష్ఠంగా పది రోజులు ఇస్తే మరణాలు తగ్గుతాయని, ఆక్సిజన్ అవసరం లేని వారికి ప్రయోజనం లేదని 2020 జూన్‌లోనే బ్రిటన్‌లోని రికవరీ పరిశోధన తేల్చింది. అయినా జ్వరం వచ్చిన రెండో రోజే స్టెరాయిడ్ సూది వేయించుకుని, షుగరు పెరిగి వచ్చినవారు మన దగ్గర ఎందరో. 2021 మే నెలలో ముక్కునూ కళ్లనూ దెబ్బతీసే బ్లాక్ ఫంగస్ మొదలయ్యేసరికి, అప్పటిదాకా కోవిడ్ వార్డులో సహాయకులుగా ఉన్న చెవి-ముక్కు-గొంతు వైద్యులు, కంటి వైద్యులు ఒక్కసారిగా ముఖ్యులయ్యారు. ఏ విభాగం ఎప్పుడు ముందు వరుసలోకి వస్తుందో ముందుగా ఊహించలేమనడానికి అంతకన్నా రుజువు అక్కరలేదు.

జనం ఒక్కసారిగా వచ్చిపడితే ఎలా సిద్ధం కావాలో మనకు తెలియనిదేమీ కాదు. రెండేళ్లకోసారి మేడారం జాతరకు ఎవరిని ఏ శిబిరంలో వేయాలో, ఏ షిఫ్టులో ఎవరుండాలో ముందుగానే ఆర్డర్లు వస్తాయి. 2020 ఫిబ్రవరి 5 నుంచి 8 వరకు జాతర జరిగింది, మార్చి 2న తెలంగాణలో తొలి కోవిడ్ కేసు నమోదైంది. జాతరకు తేదీ ఉంటుంది, మహమ్మారికి ఉండదు, తేడా అంతే. తేదీ లేనప్పుడు జాబితా ఎప్పుడూ తయారుగా ఉండాలి.

నా దృష్టిలో ఆ జాబితా ఇలా ఉండాలి. ప్రతి ఆసుపత్రిలో ఐసీయూ అనుభవం లేని స్పెషలిస్టులు ఏటా కొన్ని డ్యూటీలు ఐసీయూలో, మత్తు వైద్యుల పర్యవేక్షణలో చేయాలి. పైన చెప్పిన పనులు స్వయంగా చేసి చూపాలి, చివరిసారి చేసిన తేదీ వారి పేరు పక్కన ఉండాలి. తాకిడి వచ్చినప్పుడు వారిని చిన్న బృందాలుగా విడదీసి, కొన్ని బృందాలకు ఒక ఐసీయూ నిపుణుడిని పెద్దదిక్కుగా పెడితే ఉన్న కొద్దిమంది నిపుణుల నైపుణ్యం ఎక్కువ పడకలకు అందుతుంది. మహబూబాబాద్, జగిత్యాల, మంచిర్యాల, రామగుండంలలో 2022లో, భూపాలపల్లి, జనగామలలో 2023లో, ములుగు, నర్సంపేటలలో 2024లో వైద్య కళాశాలలు మొదలయ్యాయి. అక్కడి స్పెషలిస్టులు ఈ పద్ధతిలో తయారైతే ప్రతి రోగీ అంబులెన్సులో వరంగల్ దాకా రావలసిన పని ఉండదు. ఆపరేషన్లు వాయిదా పడతాయని సర్జన్లు అభ్యంతరం చెబుతారు, అది న్యాయమే. కానీ 2021లో అత్యవసరం కానివి ఎలాగూ వాయిదా పడ్డాయి.

ఇంతవరకు వైద్యుల గురించే రాశాను. వెంటిలేటర్ మీదున్న రోగి దగ్గర రాత్రంతా ఉండేది స్టాఫ్ నర్సు. కఫం పీల్చడం, గొట్టం జారకుండా చూడడం, అలారం మోగితే ముందుగా స్పందించడం ఆమె పని. రెండో దశలో తాత్కాలికంగా తీసుకున్న నర్సులు ఆ వార్డుల్లోనే ఈ పనంతా నేర్చుకున్నారు. కేసులు తగ్గగానే వారిలో చాలామందిని తొలగించారు. వారిలో కొందరు ఇప్పుడు ప్రైవేటు ఆసుపత్రుల్లో ఉన్నారు, కొందరు వృత్తే మానేశారు. స్పెషలిస్టుల జాబితా రాయడానికి కూర్చున్న అధికారి ముందుగా వెతకవలసిన ఫోన్ నంబర్లు వారివి.