తిథి ప్రకారం స్వాతంత్ర్య దినం

బెంగళూరు మారతహళ్లిలో మా పక్క ఫ్లాట్‌కి అద్దెకొచ్చిన ఇజ్రాయెల్ ఆయన ఏప్రిల్ నడి ఎండలో మేడ మీద బొగ్గులు రాజేశాడు. వాళ్ల స్వాతంత్ర్య దినమట. "మే 14 కదా?" అన్నాను. 1948లో టెల్ అవీవ్‌లో వాళ్ల తొలి ప్రధాని బెన్ గురియన్ స్వాతంత్ర్య ప్రకటన చదివింది ఆ రోజే. కానీ పండగ మాత్రం యూదుల పంచాంగంలో ఇయ్యార్ నెల 5న. అందుకే మన ఉగాదిలా తేదీ ఏటా మారుతుంది. శనివారం విశ్రాంతికి అడ్డొస్తే అటూ ఇటూ జరుపుతారు కూడా!

నన్ను పట్టేసింది వేరే సంగతి. ముందురోజు అమరుల సంస్మరణ దినం. సైరన్ మోగితే రోడ్డు మీద కార్లు ఆపి, దిగి నిలబడతారు. చీకటి పడగానే జెరూసలేంలో హెర్జ్ల్ కొండ మీద 12 కాగడాలు వెలిగించి పండగ మొదలుపెడతారు. అంత దుఃఖంలోంచి వెంటనే డాన్సులా? నాకైతే చేతకాదు.

కుంపటి ఆరేలోపు మా అమ్మ రెండు వంకాయలు తెచ్చి నిప్పుల్లో పెట్టింది, పచ్చడికి.