ఆయిల్ లైట్ ఆరినా నిలవని సూది

మా పాత మారుతి 800కి ఇంజిన్ బోరు చేయించి, పిస్టన్లు, బేరింగులు కొత్తవి వేయించాము. మొదటిసారి స్టార్ట్ చేసే ముందే లోపలంతా ఆయిల్ అందాలని, స్పార్క్ ప్లగ్గులు మూడూ ఊడదీసి, కంప్రెషన్ బరువు లేకుండా ఇంజిన్‌ను సెల్ఫ్ మీద పది సెకన్ల చొప్పున తిప్పాము. ఆయిల్ పంపు డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ నుంచి తిరిగే ఇంజిన్లలో డ్రిల్ మిషన్‌తో పంపును విడిగా తిప్పవచ్చు గాని, ఈ 796 సీసీ ఇంజిన్‌లో పంపు క్రాంకు కొసకే అమరి ఉంటుంది కనుక ఆ వీలు లేదు. అందుకే బిగించేటప్పుడు పంపు గేర్ల మధ్య వాజలీన్ పూయించాను. పంపు పొడిగా ఉంటే కింది ఛాంబర్లోని ఆయిల్‌ను పీల్చుకోవడానికి మొరాయిస్తుంది.

నాలుగో విడతకు డాష్‌బోర్డు మీది ఆయిల్ లైట్ ఆరింది. “అయిపోయింది సార్, ఇక స్టార్ట్ చేసెయ్యండి” అన్నాడు మెకానిక్. అయితే ఆ లైట్ చెప్పేది చాలా తక్కువ. చాలా కార్లలో ప్రెషర్ సుమారు 0.3 బార్ దాటగానే అది ఆరిపోతుంది; ఆ మాత్రం ప్రెషర్ బేరింగులకు ఏ మూలకూ చాలదు. ఆ లైట్‌ను వెలిగించే ప్రెషర్ స్విచ్ విప్పి, అదే రంధ్రంలో ప్రెషర్‌ను సూదితో చూపే మెకానికల్ గేజ్ బిగించాకే స్టార్ట్ చేయనిచ్చాను.

చల్లని ఇంజిన్ మీద సూది 3 బార్ దగ్గరకు వెళ్ళింది గాని అక్కడ నిలవలేదు, సన్నగా వణుకుతూనే ఉంది. యాక్సిలరేటర్ కాస్త తొక్కితే పెరగవలసింది పోయి తగ్గింది. బేరింగుల సందు ఎక్కువైతే ప్రెషర్ చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉండి, ఇంజిన్ వేడెక్కే కొద్దీ నెమ్మదిగా దిగుతుంది. ఎక్కువైన ప్రెషర్‌ను వదిలేసే రిలీఫ్ వాల్వ్‌లో నలక పడి అది తెరుచుకుని ఉండిపోతే మొదటి నుంచీ తక్కువగానే ఉంటుంది. హెడ్‌కు వెళ్ళే దారి గాస్కెట్ గమ్ముతో మూసుకుపోతే గేజ్ నిక్షేపంగా చూపిస్తుంది, పైన వాల్వులను నొక్కే రాకర్లు మాత్రం పొడిబారతాయి. మా రాకర్లు తడిగానే ఉన్నాయి. వణికే సూదికి ఈ మూడూ సరిపడవు. ఇంజిన్ ఆపి డిప్‌స్టిక్ లాగి చూస్తే, ఆయిల్ మీద మజ్జిగ నురుగులాంటి సన్నని బుడగలు కనిపించాయి. పంపు ఎక్కడో ఆయిల్‌తో పాటు గాలిని కూడా పీలుస్తున్నదన్నమాట.

ఛాంబర్ విప్పే ముందు ఒక పరీక్ష చేశాను. ఈ కారులో ఇంజిన్ అడ్డంగా కూర్చుంటుంది కనుక, గేర్‌బాక్స్ వైపు జాకీ పెట్టి నాలుగైదు అంగుళాలు ఎత్తితే ఆయిల్ టైమింగ్ బెల్ట్ వైపుకు, అంటే పంపు వైపుకు, చేరుతుంది. ఛాంబర్లోని ఆయిల్‌ను వడకట్టి పంపుకు అందించే స్ట్రైనర్ గొట్టం, పంపుతో కలిసే చోట గాలి దూరుతున్నట్లయితే ఆ అతుకు ఆయిల్‌లో మునగాలి, సూది కుదుటపడాలి. అలాగే జరిగింది, ఐడిల్‌లో వణుకు దాదాపు ఆగిపోయింది. కొందరు ఇందుకే ఆయిల్ అదనంగా పోసి చూస్తారు గాని, క్రాంకు తగిలి ఆయిల్ మరింత నురగెత్తుతుందని నాకు ఆ పద్ధతి నచ్చదు.

ఛాంబర్ దించి స్ట్రైనర్ విప్పితే, అతుకులోని ఓ-రింగ్ గట్టిపడి, ఒక అంచున గోటితో గిల్లినట్లు తెగి ఉంది. అన్నీ కొత్తవే వేశామని చెప్పిన వర్క్‌షాపు వారు, ఇంత చిన్న రబ్బరు రింగును మాత్రం పాతదే తిరిగి వేశారు. కొత్త రింగుకు ఆయిల్ రాసి, మెలిపడకుండా కూర్చోబెట్టి బిగించిన తరువాత, ఇంజిన్ బాగా వేడెక్కినా సూది వణకలేదు. రేస్ పెంచితే ప్రెషరూ పెరిగింది.

గాలి కలిసిన ఆయిల్‌తో తిరిగిన ఆ కొద్ది నిమిషాలకు బేరింగులు ఏమైనా దెబ్బతిన్నాయేమోనన్న అనుమానం మిగిలింది. 500 కిలోమీటర్ల తరువాత ఆయిల్ మార్చినప్పుడు పాత ఫిల్టర్‌ను కోసి, కాగితం మడతలు విప్పి చూశాను. కొత్త ఇంజిన్లో మామూలుగా ఉండే బూడిదరంగు మెరుపు తప్ప, వేలికి తగిలే రేకులు ఒక్కటీ లేవు.