ప్లైవుడ్ తొట్టి, పసుపు నీళ్ళు

నేను చేసిన చేపల తొట్టిని మొన్న ఆదివారం పొద్దున నీళ్ళతో నింపాను. ఇవాళ శుక్రవారం. తొట్టి కింద పరిచిన పేపర్లు ఇంకా పొడిగానే ఉన్నాయి. ఈ ఒక్క ముక్క రాయడానికి నాలుగు నెలలు ఆగాల్సి వచ్చింది.

మాది కాకినాడ. బొటనవేలంత ఉన్నప్పుడు రెండు ఆస్కార్ చేపలు తెచ్చాను. ఏడాది తిరిగేసరికి జానెడు దాటేశాయి, అడుగు దాకా పెరిగే రకం. 3 అడుగుల గాజు తొట్టిలో పక్కకి తిరగాలంటే తోక అద్దానికి కొట్టుకుంటోంది. 8 అడుగుల గాజు తొట్టికి అక్వేరియం షాపాయన చెప్పిన రేటు విని మాట్లాడకుండా బయటికొచ్చేశాను. ప్లైవుడ్‌తో పెట్టె చేసి, ముందు వైపు మాత్రం అద్దం బిగిస్తే సగం ఖర్చుతో పోతుందని లెక్క వేశాను. ఆ లెక్క కాగితాన్ని మా ఆవిడ ఫ్రిజ్‌కి అంటించింది, ఇంకా తియ్యలేదు.

కొలతలు చెప్పేస్తాను: 8 అడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, 2 అడుగుల ఎత్తు. అంచుకి కొంచెం కిందగా నింపితే 900 లీటర్ల పైన పడతాయి. పెట్టె, అద్దం కలిపితే టన్ను దాటుతుంది. అందుకే కింది హాల్లోనే పెట్టాను, మేడ మీద ఆలోచనే వద్దు. ప్లైవుడ్ 18 ఎంఎం, ఐఎస్ 710 ముద్ర (మెరైన్ ప్లైవుడ్ అని గుర్తు) ఉన్నది, 3 షీట్లు. షాపులో "వాటర్‌ప్రూఫ్ సార్" అంటారు, ఆ మాట నమ్మకండి, ముద్ర చూసుకోండి. కోతలు కార్పెంటర్ చేశాడు, అతుకులు మాత్రం నావే. స్క్రూల వరస చూసి ఆ కార్పెంటరే "మీరు మా పనికి ఎసరు పెట్టేలా ఉన్నారు" అన్నాడు. ఈ కథలో నేను గొప్ప చెప్పుకోగలిగింది ఇదొక్కటే, చెప్పుకోనివ్వండి.

శ్రావణమాసంలో లోపల ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపి పూసే, నీళ్ళు దిగని పూత) వేశాను. మూలల్లో ఫైబర్ గ్లాస్ గుడ్డ, దాని మీద 3 పూతలు. బయట ఒకటే ముసురు. వీధిలో పోయే ప్రతివాడూ గేటు దగ్గర ఆగి "పులసలు వేస్తారాండీ?" అని అడగడం. పూత ఆరింది, మెరిసింది. చేత్తో రాస్తే కాస్త మైనం రాసినట్టు అనిపించింది. కొత్త కదా, అలాగే ఉంటుందిలే అనుకున్నాను. నా కష్టాలన్నీ ఆ "ఉంటుందిలే" దగ్గరే మొదలయ్యాయి.

అద్దం 12 ఎంఎం, దాదాపు 37 కిలోలు. నలుగురం మోశాం. లోపలి నుంచే అంటించాలి, అప్పుడు నీళ్ళే దాన్ని చట్రానికేసి నొక్కుతాయి. నా అద్దం మీద ఆ ఒత్తిడి 200 కిలోల పైనే. టఫెన్డ్ (వేడి చేసి గట్టిపరిచిన) అద్దం కావాలంటే కొలత ముందే సరిచూసుకోండి, తర్వాత అరంగుళం కూడా కొయ్యలేరు.

దసరా నాడు నింపుదామని ముహూర్తం పెట్టాను. అత్తగారివైపు వాళ్ళందర్నీ పిలిచింది నేనే. మా ఆవిడ వద్దనే అంది. కొబ్బరికాయ కొట్టి మోటారు వేశాం. జానెడు నీళ్ళు పడేసరికి ఎడమ కింది మూల నుంచి ఒక చుక్క. తర్వాత ఇంకో చుక్క. నేను తువ్వాలు అడ్డం పెట్టి ఎవరూ చూడకుండా నిలబడ్డాను. పది నిమిషాల్లో తువ్వాలు పిండాల్సి వచ్చింది. మా బావమరిది అప్పటికే వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాడు: "బావ కొత్తగా డ్రిప్ ఇరిగేషన్ మొదలెట్టాడు." మావగారు నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "పోన్లే బాబూ, బియ్యం పోసుకోవచ్చు" అన్నారు.

తర్వాత మూడు వారాలు ఆ ఎడమ మూలతోనే యుద్ధం. నీళ్ళు తోడెయ్యడం, ఆరబెట్టడం, ఆ మూల సిలికాన్ (అద్దం అంటించిన జిగురు) దట్టించడం, మళ్ళీ నింపడం. అదే చుక్క, అదే చోట. బయటి నుంచి కూడా పూశాను. వెనక నుంచి నీళ్ళు తోస్తుంటే అది ఎందుకాగుతుంది, బుడగలా ఉబ్బి ఊడొచ్చింది. హార్డ్‌వేర్ షాపాయన్ని అడిగితే ఇంకో రెండు ట్యూబులు అమ్మాడు. ఆయనకి ఏ సమస్యకైనా మందు అదే. రాత్రి రెండింటికి లేచి టార్చిలైటు వేసి ఆ మూల దగ్గర కూర్చునేవాణ్ణి. మా నాన్నగారు ఒకసారి చూసి ఏమీ అనకుండా వెళ్ళి పడుకున్నారు.

చివరికి జగన్నాథపురంలో ఫైబర్ బోట్లు బాగుచేసే ఒక పెద్దాయన్ని బతిమాలి తీసుకొచ్చాను. నేను ఆ మూల చూపిస్తుంటే ఆయన అటు చూడనే లేదు. "ఇల్లు ఎటు వాటం అండీ?" అని అడిగాడు. ఎడమకి. హాలు కడిగితే నీళ్ళు అటే పోతాయి. "మరి చుక్క అక్కడ కాక ఇంకెక్కడ పడుద్ది?" అన్నాడు. మా అమ్మ దగ్గర పసుపు అడిగి తీసుకుని, గ్లాసుడు నీళ్ళలో కలిపి, సూది లేని సిరంజిలో ఎక్కించి, లోపల అద్దం అంచు వెంట కొంచెం కొంచెం వదులుతూ వెళ్ళాడు. ఎడమ మూల, ఏమీ లేదు. మధ్యలో, ఏమీ లేదు. కుడి చివర వదిలిన నిమిషానికి ఎడమ మూల చుక్క పచ్చగా వచ్చింది. 7 అడుగుల అవతల కారి, అద్దానికీ చెక్కకీ మధ్య కాలవ కట్టుకుని ఇటొస్తోంది! నేను మూడు వారాలు తలుపు మూశాను, దొంగేమో కిటికీలోంచి వస్తున్నాడు.

నీళ్ళు తోడాక ఆయన కుడివైపు సిలికాన్‌ని గోటితో ఎత్తాడు. అరటి తొక్కలా ఊడొచ్చింది. కింద ఎపాక్సీ మీద వేలు రాసి, "వానలో ఏసేరా?" అన్నాడు. తేమ రోజుల్లో ఎపాక్సీ పైకి మైనంలాంటి జిడ్డు తేలుతుంది. దాని మీద ఏదీ పట్టదు. వేడినీళ్ళతో, స్క్రబ్బర్‌తో ముందు కడిగెయ్యాలి, ఆ తర్వాతే ఎమెరీ కాగితంతో రుద్దాలి. కడక్కుండా ఎమెరీ పడితే జిడ్డు ఇంకా లోపలికి పోతుంది.

అద్దం ఊడదీయడానికి ఆయనే గాలం తీగ ఇచ్చాడు. అటొకరం ఇటొకరం పట్టుకుని రంపంలా లాగితే సిలికాన్ తెగింది. పాత సిలికాన్ మీద కొత్తది అతకదు కాబట్టి బ్లేడుతో నాలుగు రోజులు గీకాను. అప్పుడు కంటబడింది, ఖాళీ ట్యూబు మీద చిన్నక్షరాల్లో: బూజు పట్టకుండా మందు కలిపినది, బాత్రూములకి. "అన్నీ ఒకటేనండి" అని అంటగట్టాడు ఆ హార్డ్‌వేర్ షాపు మహానుభావుడు. ఆ మందు చేపలకి పడదు. కారకపోయుంటే ఆస్కార్లని అందులోనే వదిలేవాణ్ణి.

రెండోసారి పొడి రోజు చూసి పూత వేశాను. పెట్టెని ముందు వైపుకి బోర్లా పడుకోబెట్టి, ఏ మందూ కలపని, వెనిగర్ వాసనొచ్చే సిలికాన్ వేసి అద్దం దించాం. మరీ గట్టిగా నొక్కితే అంతా బయటికి పోతుందని 3 ఎంఎం ముక్కలు అడ్డం పెట్టాను. గాలిలో తేమతోనే అది గట్టిపడేది, మందంగా ఉంటే లోపల ఆలస్యమవుతుంది. పది రోజులు ముట్టుకోలేదు. ఖర్చు గురించి అడక్కండి, ఫ్రిజ్ మీద కాగితం ఉంది కదా.

ఈసారి ఎవర్నీ పిలవలేదు. పాత తొట్టి స్పాంజి కొత్త ఫిల్టర్లో పెట్టాను, చేపల మలినాన్ని విరిచే సూక్ష్మజీవులు అందులో ఉంటాయి. చేపలకి విషమైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చేదాకా చేపల్ని వదలను. ఆ రెండూ కొలిచే కిట్లు రొయ్యల చెరువులకి మందులమ్మే షాపుల్లో దొరుకుతాయి, అక్వేరియం షాపుకి వెళ్ళక్కర్లేదు. పెద్దాయన డబ్బు తీసుకోనన్నాడు, సిరంజి మాత్రం జేబులో వేసుకుపోయాడు.

నిన్న సాయంత్రం పక్కింటాయన వచ్చి చేపల్లేని తొట్టిని చాలాసేపు చూశాడు. కార్తీకం వెళ్ళాక ఒక చేప ఇస్తారా అని అడిగాడు.